గాలి పట్టిన పగ్గము

(ఏలూరిలోని యొక పఠనమందిరమున మేము చేసిన ప్రసంగపాఠము)



మీలో అరువదియేండ్లు దాటినవారికి 1979వ సంవత్సరపు ఆషాఢమాసము జ్ఞాపకముండక తప్పదు. స్కైలాబు పడునను వార్త ఆనాడు తెలుగునాట ఊరూర ప్రాకెను. అమెరికావారు 1973 మే నెలలో ఆకాశమున నిలిపిన పరిశోధనాగృహమది. బరువు సుమారు 77 టన్నులు. 1974 ఫిబ్రవరిలో తుదిజట్టు దానిని విడిచి నేలకు దిగివచ్చిన పిమ్మట అది దిక్కులేని యిల్లై తిరుగుచుండెను. అది ఎవరి నెత్తిపై పడునో చెప్పగలవారు లేరైరి. ఇక మనకు రేపు లేదని తలచి కోళ్లను మేకలను కోసికొని తినినవారి కథలును, దాచుకొన్న సొమ్మునంతయు విందులకు వెచ్చించినవారి కథలును నేటికిని మన పల్లెలలో చెప్పుకొందురు. జూలై 11వ తేదీన అది తునుకలై హిందూమహాసముద్రముమీదను, పశ్చిమ ఆస్ట్రేలియాలోను పడెను. మన యిండ్లమీది పెంకొక్కటియు కదలలేదు. మనము నవ్వుకొంటిమి; మరచిపోతిమి.

ఆ నవ్వులో ఒక ప్రశ్నను గూడ మరచితిమి. అంతటి బరువును అంతటి యెత్తునుండి క్రిందికి లాగినదెవరు? భూమి యాకర్షణమందురా? ఆ యాకర్షణము మొదటినుండియు నున్నదే; దానితోనే గదా ఆ గృహము భూమిచుట్టు తిరుగుచుండెను. దానిని పడద్రోసినది గాలి. 400 కిలోమీటర్ల పైయెత్తున గాలి యున్నదనుటకును లేదనుటకును నడుమ నుండునంత పలుచన. అయినను లేకపోలేదు. ఆ యేండ్లలో సూర్యుని యుద్రేకము హెచ్చి, మన వాయుమండలపు పైపొరలు వేడెక్కి ఉబ్బెను. పండితులు లెక్కించినదానికంటె గాలి దట్టమయ్యెను. ప్రతిచుట్టులోను కొంచెము కొంచెముగా వేగమును హరించి, తుదకు ఆ గృహమును నేలకు దించెను.

ఆనాడు మనలను భయపెట్టిన ఆ గాలినే నేడు మానవుడు జీతములేని కొలువున నియోగించుచున్నాడు. మన దేశమును ఆ పనికి పూనుకొనుచున్నది. ఈ సాయంకాలము మేము చెప్పదలచినది ఆ విద్యనుగూర్చియే.

పోవుట యొక విద్య. ఆగుట యొక విద్య. తాడేపల్లిగూడెము స్టేషనులో నిలువవలసిన రైలు ఊరు కనబడకమునుపే వేగము తగ్గించుకొనవలయును. దాని చక్రములను బ్రేకు పట్టును. పట్టాలు చక్రములను పట్టును. ఆ గూడెముననే రెండవ ప్రపంచయుద్ధకాలమున వేసిన విమానపు బాట కలదు. దిగిన విమానమునకు పరుగెత్తి పరుగెత్తి నిలుచుటకు అంత నేల కావలెను. కొల్లేటిలో దోనె నడుపువాడు ఒడ్డు చేరునపుడు గెడను అడుగుబురదలో నూని దోనెను నిలుపును. అందరికిని పట్టుకొనుటకు ఏదో యొకటి యున్నది. శూన్యాకాశమున సెకండుకు పలుకిలోమీటర్ల వేగమున పోవు వ్యోమనౌకకు పట్టుకొనుట కేమున్నది? నేల లేదు, నీరు లేదు, పట్టా లేదు.

ఉన్న దొక్క యుపాయము. నౌకయందలి యింజనును ప్రయాణదిశకు త్రిప్పి మండించి, ఎదురునకు తన్నించుకొని వేగము తగ్గించుకొనవలయును. ఇందులకు ఇంధనము కావలెను. ఆ యింధనమును ఇక్కడినుండియే మోసికొనిపోవలెను. మన మంగళయానము 2013 నవంబరు 5వ తేదీన శ్రీహరికోటనుండి బయలుదేరినపుడు దాని బరువు సుమారు 1,337 కిలోగ్రాములు. అందు ఇంధనమే 852 కిలోగ్రాములు. ఇంత ప్రయాసకును ఫలమైన శాస్త్రపరికరముల బరువెంత? సుమారు 15 కిలోగ్రాములు! దారిపొడుగున ఎద్దులు తినవలసిన గడ్డియే బండినిండ వేసికొనిన, ధాన్యపుబస్తాకు చోటెక్కడ? 2014 సెప్టెంబరు 24వ తేదీన ఆ నౌక సుమారు 24 నిమిషములు ఇంజనును మండించి కుజుని వశమయ్యెను. తొలియత్నముననే మన దేశమది సాధించుట అసామాన్యము. కాని అది చిక్కిన కక్ష్య మిక్కిలి పొడవైనది: ఒక కొన కుజునికి సుమారు 420 కిలోమీటర్లు, రెండవ కొన సుమారు 77,000 కిలోమీటర్లు. ఒక్క చుట్టునకు మూడు దినములు. ఆ చుట్టును చిన్నది చేయుటకు చాలినంత యింధనము మోసికొనిపోవుట మనకు సాధ్యము కాలేదు.

అట్లయిన పేదవానికి దారి లేదా? ఉన్నది. గ్రహమునకు గాలి యున్నచో, ఆ గాలియే బ్రేకు.

ఆటపాకవద్ద గూడబాతులు దిగుట మీరు చూచియున్నారు. అంత బరువైన పక్షి నీటిపై వాలునపుడేమి చేయును? రెక్కలను వెడల్పుగ విప్పి గాలిని రొమ్మున కడ్డుకొనును. కాళ్లు ముందునకు చాచి నీటిని గీచుకొనుచు నిలుచును. ఎగురుట కడ్డమైన గాలియే దిగుటకు ఆధారమైనది. వ్యోమనౌక చేయునదియు నింతియే. అందు రెండు మార్గములు కలవు: ఒక్కమారు మునుగుట, పలుమారులు ముక్కు తడుపుట.

మొదటి మార్గమును మన దేశము మన సముద్రమునందే చేసి చూపినది. 2007 జనవరి 10వ తేదీన శ్రీహరికోటనుండి 550 కిలోగ్రాముల నౌకయొకటి పైకి పోయెను. పండ్రెండు దినములు భూమిని చుట్టి జనవరి 22వ తేదీన తిరిగివచ్చెను. నూరు కిలోమీటర్ల యెత్తున గాలిలో ప్రవేశించునప్పటికి దాని వేగము సెకండుకు 8 కిలోమీటర్లు. ఆ వేగమున ఏలూరినుండి తాడేపల్లిగూడెమునకు ఆరేడు సెకండ్లు చాలును. అయిదు కిలోమీటర్ల యెత్తునకు దిగునప్పటికి ఆ వేగము సెకండుకు 101 మీటర్లకు పడిపోయెను. పిమ్మట పారాచూటులు విచ్చుకొన్నవి. శ్రీహరికోటకు తూర్పున సుమారు 140 కిలోమీటర్ల దూరమున బంగాళాఖాతమున అది సెకండుకు 12 మీటర్ల వేగమున నీటిని తాకి తేలెను. గాలిలో ప్రవేశించినది మొదలు ఇదంతయు పది నిమిషముల లోపలనే.

వేగమెటు పోయినది? ప్రకృతిలో ఏదియు ఊరక పోదు. ఆ నౌకయందలి చలనశక్తిలో పారాచూటులు విచ్చునాటికి ఆరువేల భాగములలో ఒక్కభాగము మాత్రమే మిగిలెను. తక్కినదంతయు వేడియై గాలిలో కలిసెను. గాలి ఒరపిడియే ఈ వేడికి ముఖ్యకారణమని పలువు రనుకొందురు, అది సరికాదు. ముందున్న గాలి ప్రక్కకు తప్పుకొనుటకు వ్యవధిలేక నలిగి, నొక్కుడుపడి, మండునంత వేడెక్కును. అందుచేతనే ఇట్టి నౌకలకు వాడిముక్కు పెట్టరు; మొద్దుముక్కు పెట్టుదురు. మొద్దుముఖము తనముందు గాలిని దిండువలె నిలుపుకొని, ఆ వేడిలో నధికభాగము తన దేహమునకు తగులకుండ ప్రక్కలకు ద్రోసివేయును. అమెరికాలో జూలియన్ ఆలెన్ అను పండితుడు 1950 తరువాతి తొలియేండ్లలో కనిపెట్టిన రహస్యమిది. మన నౌకకు ముందుభాగమున తాను కాలుచు లోపలిదానిని కాపాడు కవచమును, తక్కినచోట్ల సిలికా పలకలను తొడిగిరి. 2014 డిసెంబరు 18వ తేదీన మనుష్యులు కూర్చుండదగిన గదినే, మనుష్యులు లేకుండ, 126 కిలోమీటర్ల యెత్తునుండి దింపి అండమాను సమీపసముద్రమున పరీక్షించిరి. ముందు మనవారు ఆకాశమునకు పోయి తిరిగివచ్చుట యీ విద్యపైననే ఆధారపడియున్నది.

రెండవ మార్గము వేరు. ఇందు దిగుట లేదు. చుట్టును కుదించుకొనుట మాత్రమే. ఉయ్యాల లూగు పిల్లవానిని చూడుడు. అడుగున నేలకు దగ్గరగా వచ్చునపుడు ఒక్క కాలు మట్టికి రాయించును. ఉయ్యాల అక్కడ ఆగదు. కాని ఎదుటివైపు మునుపటంత యెత్తునకు పోదు. ప్రతి యూపులోను కొంచెము రాయించిన, ప్రతి యూపులోను కొంచెము తగ్గును. పొడవైన కక్ష్యలో తిరుగు నౌక గ్రహమునకు సమీపించినపుడు మాత్రమే గాలి పైపొరను తాకును. కొన్ని నిమిషములలో దాటిపోవును. అక్కడ వేగము రవంత తగ్గినచో, ఆవలికొన వందలకొలది కిలోమీటర్లు దగ్గరకు వచ్చును. జపానువారి హిటెన్ నౌక 1991 మార్చి 19వ తేదీన సుమారు 125 కిలోమీటర్ల యెత్తున మన భూమి గాలినే ఇట్లు తాకెను. తగ్గిన వేగము సెకండుకు రెండు మీటర్లు కూడ లేదు. ఆవలికొన మాత్రము 8,600 కిలోమీటర్లకు పైగా తగ్గెను!

ఈ యుపాయమును గ్రహాంతరమున తొలిసారి సాధించినది అమెరికావారి మెజెలాన్ నౌక. శుక్రగ్రహమును మేఘముల చాటుననే రాడారుతో పటము వ్రాసినది అదియే. దాని నిర్మాతలు దానికి వేడిని తట్టు కవచమేదియు పెట్టలేదు. ఈ పనికై అది పుట్టలేదు. అయినను 1993 మే 25వ తేదీ మొదలు ఆగస్టు 3వ తేదీవరకు, 70 దినములలో 700 పైచిలుకు చుట్లు శుక్రుని గాలిని తాకుచు, 8,467 కిలోమీటర్ల కొనను 541 కిలోమీటర్లకు దింపుకొనెను. ఆ తరువాత 2006లో కుజుని చేరిన మరియొక నౌక మార్చి మొదలు ఆగస్టువరకు నాలుగువందలకు పైగా చుట్లు గాలిని తాకి, సుమారు 600 కిలోగ్రాముల ఇంధనమును ఆదా చేసెను. ఆరువందల కిలోలనిన మాటలా? మన మంగళయానపు పరికరములవంటివి నలువది మూటలు!

ఇది చౌక గదా యని సంతోషింపవలదు. గాలి జీతమడుగదు గాని, ఓర్పు నడుగును, లెక్క నడుగును. ఈ రెంటిని బోధించిన నౌకలు రెండు కలవు.

ఓర్పును బోధించినది మార్స్ గ్లోబల్ సర్వేయరు. 1997 సెప్టెంబరులో అది కుజుని చేరి 45 గంటల చుట్టులో పడెను. దాని సౌరఫలకములే గాలికి చాచిన రెక్కలు. అందొక ఫలకపు కీలు ప్రయాణారంభముననే దెబ్బతినియుండెను. గాలి యొత్తిడికి ఆ ఫలకము వంగుట అక్టోబరులో కనబడెను. అంతట వారేమి చేసిరి? తొందరపడలేదు. తాకుట నిలిపిరి, ఆలోచించిరి, నవంబరులో మరల మొదలిడి, మునుపనుకొన్న యొత్తిడిలో మూడవవంతు మాత్రమే పెట్టిరి. 1998 మార్చిలో ఆరంభము కావలసిన పటరచన 1999 మార్చికి జరిగినది. ఒక యేడు పోయినది, నౌక దక్కినది. పిమ్మట ఏడేండ్లకు పైగా అది పనిచేసెను.

లెక్కను బోధించినది మార్స్ క్లైమేట్ ఆర్బిటరు. అదియు గాలితో చుట్టు కుదించుకొనుటకై పోయినదే. 1999 సెప్టెంబరు 23వ తేదీన కుజుని వెనుకకు పోయి మరల కనబడలేదు. సుమారు 226 కిలోమీటర్ల యెత్తున పోవలసినది 57 కిలోమీటర్ల లోతునకు దిగిపోయెను. కారణమేమి? ఇంజనుల తోపును ఒక పక్షమువారు ఆంగ్లేయపు పౌండులలో వ్రాసి యిచ్చిరి. రెండవ పక్షమువారు దానిని మెట్రికు న్యూటనులని చదివిరి. రెంటికి నాలుగున్నర రెట్ల భేదము. ఒక ఊరి కుంచముతో కొలిచి మరియొక ఊరి కుంచముతో లెక్క వ్రాసికొన్న వర్తకుని గతి యేమగునో మనకు తెలియును గదా!

కొల్లేటిసీమవారికి కొలతనుగూర్చి మేము వేరుగ బోధింప బనిలేదు. సముద్రమట్టమునకు అయిదడుగుల యెత్తున గీచిన రేఖవరకు 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యముగా ప్రకటించిరి. 2006లో ఆ రేఖకు లోపల నున్న చేపలచెరువుల గట్లను తెగగొట్టిరి. రేఖ అయిదవ మట్టమున నుండవలెనా, మూడవ మట్టమునకు దిగవలెనా యను వివాదము మీ యిండ్లలో నడచినదే. ఒక్క అడుగు మట్టము ఎవరి చెరువు నిలుచునో, ఎవరి చెరువు పోవునో నిర్ణయించినది. అట్టి సీమకు కొలత యనిన కాగితముమీది గీత కాదని తెలియును, అది జీవనము.

ఇపుడు మన వంతు వచ్చుచున్నది. 2024 సెప్టెంబరులో కేంద్రమంత్రివర్గము శుక్రయాత్రకు 1,236 కోట్ల రూపాయలను మంజూరు చేసెను. ప్రయాణమునకు 2028 మార్చిని నిర్దేశించిరి. మనవారు ప్రకటించిన సంకల్పమిది: మొదట సుమారు 60,000 కిలోమీటర్ల దూరపు కొనగల పొడవైన చుట్టులో నౌకను నిలుపుట; పిమ్మట నెలలతరబడి శుక్రుని గాలిని తాకించి, ఆ కొనను 600 కిలోమీటర్ల ప్రాంతమునకు దింపుట. మంగళయానమున మనకు సాధ్యముకాని పనిని గాలిచేత చేయించుకొనుటయే యిది. అన్యగ్రహమున మన దేశమిదివరకెన్నడును దీనిని చేయలేదు.

పని సులభము కాదు. శుక్రుని నేలపై గాలి యొత్తిడి మనదానికి సుమారు తొంబది రెట్లు. పైపొర పలుచనయే, కాని నేడున్నట్లు రేపుండదు, పగటివైపున ఒకటి, రాత్రివైపున ఒకటి. పది కిలోమీటర్లు మీద పోయిన బ్రేకు పట్టదు; పది కిలోమీటర్లు క్రింద పోయిన ఫలకములు మాడును. ఇక్కడినుండి కేక వేసి హెచ్చరింతమన్న, మన సంకేతము శుక్రుని చేరుటకు రెండు నిమిషములకు పైగా పట్టును. గ్రహము దూరముగ నున్నపుడు పదునాలుగు నిమిషములవరకును పట్టును. అంతలో నౌక గాలిని దాటియే పోవును. కావున ప్రతిచుట్టు తరువాతను కొలిచి, లెక్కించి, మరుసటి చుట్టునకు ఎత్తు నిర్ణయింపవలయును. ఒక్కనాడు కాదు, నెలల తరబడి.

ఇచట మీలో నొకరు లేచి యడుగవచ్చును. "అయ్యా! తమ్మిలేరు పొంగిన ఏలూరు బిక్కుబిక్కుమనును. కొల్లేటి లంకలలో వరదవచ్చిన దారులు మునుగును. మాకు శుక్రుడేల?" అడుగదగిన ప్రశ్నయే. 1,236 కోట్లు ప్రజల సొమ్ము. శుక్రయాత్ర లంకగ్రామమునకు రేపే వంతెన కట్టునని చెప్పిన అది వంచన యగును. మేమట్లు చెప్పము.

కాని యీ విద్య శుక్రునితో ముగియునది కాదు. మేఘముల చాటునుండి వరదనీటి యంచును చూపు రాడారు ఉపగ్రహములు మన నెత్తిపై కొన్నివందల కిలోమీటర్ల యెత్తుననే తిరుగుచున్నవి. ఆ యెత్తున స్కైలాబును దించిన గాలియే వానిని గూడ లాగుచుండును. ఎంత లాగునో లెక్కించి, కొంచెము కొంచెముగా ఇంధనము వెచ్చించి పైకెత్తుచుండవలయును. ఆ లెక్క తప్పిన ఉపగ్రహపు ఆయుర్దాయము తరుగును. గాలి నెరిగినవాడే గాలిలో నిలువగలడు.

మరియొక నిదర్శనము. వానలను పరిశీలించుటకై 2011లో పంపిన మేఘాట్రోపిక్సు అను ఉపగ్రహము పని ముగిసిన పిమ్మట మనవారు దానిని గాలికి వదలివేయలేదు. మిగిలిన యింధనముతో దాని చుట్టును క్రమముగ దించి, 2023 మార్చి 7వ తేదీన జనములేని పసిఫికు మహాసముద్రముమీద గాలిలో ప్రవేశపెట్టి దహింపజేసిరి. ఆ రాత్రి తెలుగునాట ఎవరును కోళ్లు కోసికొనలేదు. ఎవరును దాచిన సొమ్మును విందులకు వెచ్చింపలేదు. పలువురకు ఆ సంగతియే తెలియదు. 1979నకును 2023నకును నడుమ మారినది గాలి కాదు, మన యెరుక. భయమునకు ఔషధము ధైర్యవచనము కాదు, లెక్క.

సోదరులారా! దేశాభిమానమనిన రాకెట్టు లేచినపుడు చప్పట్లు కొట్టుట మాత్రమే కాదు. లేచుట కొన్ని నిమిషముల వేడుక. ఆగుట నెలల వ్రతము. వేడుకకు జనమెపుడును చేరుదురు. వ్రతమునకు తోడుండువారు తక్కువ. 2015లో నెలకొనిన జాతీయ సాంకేతికవిద్యాలయము తాడేపల్లిగూడెముననే యున్నది. అందలి యువకులను ఈ మందిరమునకు పిలువుడు. నల్లబల్లమీద ఈ లెక్కను చేసి చూపుమనుడు. మన బడిపిల్లలకు ఉయ్యాలవద్దనే ఈ పాఠము చెప్పవచ్చును. దానికి యంత్రమక్కరలేదు, చెప్పువాడు కావలెను. తప్పు కొలతను సిగ్గుపడక యొప్పుకొని దిద్దుకొను అలవాటు పిల్లవానికి అక్కడనే అబ్బవలెను. ఎత్తునకు పోయిన నౌకను నశింపజేసినది ఆ యలవాటు లేకపోవుటయే గదా!

శుక్రుని చేరిన పిమ్మట మన నౌక ప్రతిచుట్టులోను ఎంత దిగినదో వార్త వచ్చుచుండును. కొన్నినాళ్లు పని నిలిచినదనియు రావచ్చును. అపుడు తొందరపడి అపజయమని కేకలు వేయకుడు, సర్వేయరును తలచుకొనుడు. పొరపాటు జరిగినచో దానిని దాచిపెట్టు మాటలను నమ్మకుడు. క్లైమేట్ ఆర్బిటరును తలచుకొనుడు. ఆనాడు ఈ మందిరమున పత్రిక విప్పి, "నేడెంత తగ్గినది? ఎంత మిగిలినది?" యని యడుగగలవారు పదిమంది యుండిన చాలును. దేశపు సొమ్మును, దేశపు విద్యను ఒక్కమారుగ కాపాడువారు వారే.